అయిదు సంతకాల నీళ్లు

ఆలస్యం అమృతం విషం అన్న పెద్దమనిషి ప్రభుత్వాఫీసులో పనిచేసి ఉండడు. మా ఆఫీసులో ఆలస్యం వల్ల విషమే అమృతమైంది. గొప్ప కోసం చెప్పడం లేదు. మూడేళ్ల లాబ్ రిపోర్టులు నా బీరువాలోనే ఉన్నాయి, కావాలంటే వచ్చి చూసుకోవచ్చు, మధ్యాహ్నం రెండింటికీ మూడింటికీ మధ్య తప్ప.

మాది భూగర్భజల నాణ్యతా పర్యవేక్షణ ఉపవిభాగం. కాలవగట్టు మీద ఒక పాత గోదాములో ఉంటుంది. నేను అందులో సీనియర్ అసిస్టెంటుని. పేరు వీరాచారి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే నీళ్ల సీసాలకి నంబరు వెయ్యడం, వాటిని జిల్లా లాబ్‌కి పంపడం, రిపోర్టు వస్తే సంబంధిత వ్యక్తికి అందజెయ్యడం నా పని. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఒక్క సీసా పగలగొట్టిన పాపాన పోలేదు.

మాకు అరమైలు దూరంలో బాడవపేట అనే ఊరుంది. పూర్వం అక్కడ ఏటిపాయ ఒకటి పారి పూడిపోయిందట. ఆ నల్లటి ఒండ్రు మీదే ఊరు వెలిసింది. అక్కడి బోరునీళ్లు పంపులోంచి పడేటప్పుడు తేటగానే ఉంటాయి. బిందెలో అరగంట ఉంచితే చాలు, ఎర్రబడతాయి. ఆ ఊరి బళ్లో పిల్లలకి మధ్యాహ్నం భోజనం వండే కడలి మాణిక్యం ఒకరోజు ఒక సీసా పట్టుకుని వచ్చింది.

"ఆచారిగారండీ, నీళ్లు తెచ్చానండి. ఈటితో అన్నం వండితే నల్లబడిపోతందండి. నలబై ముగ్గురు పిల్లలండి. పరీక్ష చేయించి, నీళ్లు బాగోలేవని కాయితం ఇప్పించండి. కాయితం ఉంటేనే ఏటినీళ్ల గొట్టం మా ఊరు దాకా వేత్తారంటండి."

ఆమె చెప్పింది నిజమే. శుద్ధి చేసిన ఏటినీళ్లు గొట్టంలో కొత్తవంతెన దాకా వచ్చి ఆగిపోయాయి. అక్కణ్ణించి ఏ ఊరికి పొడిగించాలన్నా ఆ ఊరి నీళ్లు 'త్రాగుటకు అయోగ్యము' అని మా లాబ్ తేల్చాలి. అదీ రూలు.

"మూత సరిగ్గా బిగించలేదే," అన్నాను.

"చేతులు పట్టు ఇవ్వట్లేదండి. మీరే బిగించుకోండి బాబూ."

నేను బిగించుకున్నాను. మూత విషయంలో నాకు పట్టింపు ఎక్కువ.

ఇక్కడ మా పద్ధతి కాస్త చెప్పాలి. సీసా లాబ్‌కి వెళ్లాలంటే చీటీ మీద అయిదు సంతకాలుండాలి. పూర్వం ఏదో జిల్లా నుంచి నీళ్లని చెప్పి కల్లు పంపారట. అప్పటినుంచీ ఒక సర్క్యులరు అమల్లో ఉంది. సంతకం పెట్టే ప్రతి ఉద్యోగీ స్వయంగా మూత తీసి, సీసా బాగా కుదిపి, వాసన చూసి, 'ఇది నీరేనని పరిశీలించితిని' అని రాసి మరీ సంతకం పెట్టాలి. అయిదుగురు అయిదుచోట్ల ఉంటారు, అయిదు రకాల సెలవుల్లో ఉంటారు. మొత్తం మీద ఇరవై ఒక్క రోజులు పడుతుంది. అంతకన్నా త్వరగా పంపితే పైవాళ్లకి అనుమానం వస్తుంది.

నీళ్లు పట్టిన వెంటనే సీసాలో నాలుగు చుక్కల యాసిడ్ వెయ్యాలని కూడా రూలుంది. యాసిడ్ వచ్చింది. కాని అది ప్రమాదకర వస్తువు కనుక, మంటలార్పే యంత్రం పక్కన లేనిదే దాని బీరువా తెరవకూడదు. ఆ యంత్రం కోసం రాసి ఏడేళ్లయింది. బీరువా భద్రంగా ఉంది.

ఇరవై ఒక్కరోజుల్లో బాడవపేట సీసా అడుగున ఎర్రటి మడ్డి వేలెడు మందాన పేరుకుంది. లాబ్ వాళ్లేమో 'మడ్డి గల నమూనాలు స్వీకరింపబడవు' అని బోర్డు పెట్టారు. తిప్పి పంపితే మా ఆఫీసుకి పరువు తక్కువ. మా నాయనమ్మ కాలవనీళ్లు తేర్చడానికి చిల్లగింజ అరగదీసి కుండలో కలిపేది. ఆవిడ పోయాక ఆ సానరాయీ, గుప్పెడు గింజలూ నాకొచ్చాయి. అవి ఆఫీసులో పెట్టుకున్నాను. గింజ అరగదీసి ప్రతి సీసాలోనూ కాస్త కలిపేవాణ్ణి. తెల్లారేసరికి మిగిలిన కాస్త మడ్డీ అడుక్కి దిగేది. పైన తేటనీళ్లు కొత్త సీసాలోకి వంచి, మడ్డి పారబోసి, చీటీ అంటించి పంపేవాణ్ణి. ఇలా చెయ్యమని నాకెవరూ చెప్పలేదు. మన పని శుభ్రంగా ఉండాలి కదా అని నేనే చేసుకున్నాను.

రిపోర్టు వచ్చింది. ఇనుము: స్వల్పము. ఆర్సెనిక్: లేదు. త్రాగుటకు యోగ్యము.

ఆర్సెనిక్ అంటే మన పెద్దవాళ్లు పాషాణం అనేవారే, అది. నేను సంతోషంగా కాగితం మాణిక్యం చేతికిచ్చాను. "నీ నీళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా."

"మరి అన్నం ఎందుకు నల్లబడతందండీ?"

"అన్నం మా పరిధిలోకి రాదు."

ఆమె మూడు నెలలకి మళ్లీ వచ్చింది. అలా మూడేళ్లలో పన్నెండు సీసాలు తెచ్చింది. పన్నెండూ యోగ్యమే. జిల్లాలో వరసగా పన్నెండు రిపోర్టులు బాగా వచ్చిన ఊరు ఇంకోటి లేదు. బాడవపేట జలసంపద గురించి మా డిప్యూటీ డైరెక్టరు దక్షిణామూర్తిగారు ఒక సమావేశంలో ప్రత్యేకంగా ప్రస్తావించారు కూడా.

నాలుగో ఏడు లాబ్‌లో కెమిస్టుగా జరీనా అనే అమ్మాయి చేరింది. పన్నెండు రిపోర్టుల్లోనూ చిల్లగింజంత తేడా లేదేమిటని ఆవిడకి సందేహం వచ్చి మా ఆఫీసుకి వచ్చింది. పని ఎలా చేస్తామో అడిగింది. అడగడమే ఆలస్యం, నేను గర్వంగా మొదటినుంచీ చివరిదాకా చూపించాను. కుదపడం, వాసన, సంతకం, సానరాయి, గింజ, వంపు. ఆవిడ కుర్చీలో కూలబడింది.

"ఆచారిగారూ, ఆ ఊరి కింద ఒండ్రులో ఆర్సెనిక్ ఎప్పటినుంచో ఉంది. అక్కడ ఇనప తుప్పుని కరుచుకుని ఉంటుంది. ఒండ్రులో ఆకులూ అలములూ కుళ్లి గాలి అయిపోతే తుప్పు కరిగిపోతుంది. కరిగితే ఆర్సెనిక్‌కి పట్టు పోయి నీళ్లలో పడుతుంది. అదే నీళ్లు పైకి తోడి గాలి తగలనిస్తే ఇనుము మళ్లీ తుప్పై, ఆర్సెనిక్‌ని పట్టుకుని అడుక్కి దిగుతుంది. మీరు మూత తీసి అయిదుసార్లు గాలి ఆడించారు. ఇరవై ఒక్క రోజులు తేరనిచ్చారు. పైగా గింజ ఒకటి. తేట మాకు పంపి, విషం పారబోశారు. రోగిని ఇంట్లో పడుకోబెట్టి, వాడి చొక్కా ఒక్కటే ఆస్పత్రికి పంపినట్టుంది."

నాకు చొక్కా సంగతి అంతగా అర్థం కాలేదు. పక్కనే నిలబడి అంతా విన్న మా డిప్యూటీ డైరెక్టరుగారు, అదే మా డీడీగారు, మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్లజోడు తుడిస్తే ఏదో పథకం పుడుతుందని మాకు అనుభవం.

"అనగా, మన కార్యాలయ ప్రక్రియ వలన ఆర్సెనిక్ నిర్మూలన జరుగుచున్నదన్నమాట," అన్నారు.

"జరుగుతోంది సార్. కాని సీసాలో."

"సీసాలో జరిగినది పీపాలో ఎందుకు జరగకూడదు?"

వారం తిరక్కుండా ఉత్తర్వు తయారైంది. దాని పేరు పంచహస్తాక్షర జలశుద్ధి పథకం. 'ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునదేమనగా, బాడవపేట నివాసులు త్రాగు నీటిని నేరుగా సేవించక, కార్యాలయమునకు సమర్పించి, విధివిధానముల ప్రకారము ఇరవై ఒక్క దినముల పరిశీలన అనంతరము తిరిగి పొందవలెను.'

"నీళ్లు యోగ్యమని మనమే అన్నాం కదా సార్, మళ్లీ శుద్ధి ఎందుకు?" అంది జరీనా.

"యోగ్యమైన దానిని మరింత యోగ్యము చేయుటకు," అన్నారు డీడీగారు.

"విషం ఉందని ఒక్క కాగితం రాస్తే గొట్టం వస్తుంది సార్."

"అమ్మా, పన్నెండు కాగితములు లేదని చెప్పుచుండగా పదమూడవది ఉన్నదని చెప్పుట క్రమశిక్షణ కాదు."

అరవై పీపాలు వచ్చాయి. గోదాము వసారాలో వరసగా నిలబెట్టి ఒక్కొక్కదానికీ నంబరు వేశాను. బాడవపేట వాళ్లు బిందెలతో బోరునీళ్లు తెచ్చి పీపాల్లో పోసేవారు. ఫీల్డు మనిషి మొదలు డీడీగారి దాకా అయిదుగురం ఒకరి తరవాత ఒకరం ఒక్కో పీపా మూత తీసి, వెదురుబొంగుతో కలిపి, వాసన చూసి సంతకం చేసేవాళ్లం. గింజలు తట్టలతో తెప్పించాం. నా ఒక్కడి సాన చాలక రుబ్బురోలు పెట్టాం. ఇరవై రెండో రోజున తేట తోడి, ఔట్వర్డు నంబరు వేసి ఇచ్చేవాళ్లం. లెక్క చూస్తే మనిషికి రోజుకి లీటరుకి కొంచెం తక్కువే వచ్చేది. మిగతా దాహం ఎక్కడ తీర్చుకోవాలో ఉత్తర్వులో లేదు. బోరు దగ్గరే తీర్చుకున్నారు.

పథకంలో చిన్న చిన్న ఇబ్బందులు లేకపోలేదు. డీడీగారికి జలుబు చేసింది. వాసన తెలియనప్పుడు 'పరిశీలించితిని' అని రాయడం అసత్యమవుతుందని ఆయన సంతకం ఆపేశారు. ఆ పదిరోజులూ ఊరికి చుక్క ఇవ్వలేదు. సంతకాల విషయంలో ఆయన అంత నిజాయితీపరుడు.

మాణిక్యం వచ్చి గుమ్మంలో నిలబడింది.

"బళ్లో పిల్లలకండి. ఆళ్ల వంతైనా ఇప్పించండి."

"విద్యార్థులకి ప్రత్యేక కోటా ఉన్నది," అన్నారు డీడీగారు చీదుకుంటూ. "దరఖాస్తు పెట్టుకో. దప్పిక కలుగుటకు ఇరవై ఒక్క దినముల ముందుగా."

"దప్పిక ముందు చెప్పి రాదు కదండీ."

"అందుకే ప్రణాళిక అవసరము."

ఆమె ఖాళీ బిందె చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ఆమె వెళ్లాక నేను కోటా దరఖాస్తుకి నమూనా ఒకటి తయారుచేశాను. మూడు గళ్లతో, చూడముచ్చటగా వచ్చింది.

పీపా ఖాళీ చేసినప్పుడల్లా అడుగున ఎర్రమడ్డి మిగిలేది. అరవై పీపాల మడ్డి అంటే మాటలా, వసారాలో కాలు పెట్టడానికి చోటు లేకుండా పోయింది. జరీనా వచ్చినప్పుడు చూసి కంగారు పడింది.

"విషమంతా ఇందులోనే ఉంది సార్. దీన్ని చెత్తతో, ఎంగిలాకులతో కలిపి ఎక్కడా పాతకండి. అవి కుళ్లి గాలి లేకుండా చేస్తే ఇది మళ్లీ కరిగి నేలలోకి దిగుతుంది. బాడవపేట కింద వందల ఏళ్లుగా జరుగుతున్నది అదే."

"మడ్డి మన పథకములో భాగము కాదు. బయట వేయించండి," అన్నారు డీడీగారు నాతో.

బయట అంటే ఎక్కడో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మాకు తెలిసిన బయట ఒక్కటే. గోదాము వెనక గొయ్యి. మా భోజనాల అరిటాకులూ, టీ పిప్పీ, కాలవగట్టు చెట్ల ఆకులూ అన్నీ పడేది అందులోనే. మా బోరుకి ఇరవై అడుగుల దూరం. మా బోరు సంగతి చెప్పనే లేదు కదా. బాడవపేటకి అరమైలు దూరమే అయినా, మా అదృష్టం కొద్దీ మా నీళ్లు కొబ్బరినీళ్లలా ఉండేవి. ఏడాది పాటు మడ్డి అంతా ఆ గోతిలోనే పోయించి, మడ్డి తొలగింపు రిజిస్టరులో ఎప్పటికప్పుడు రాసుకున్నాను. వానాకాలం వచ్చి గొయ్యి నిండింది. ఆకులు చీకి కంపుకొట్టింది. వాన వెలిసింది. మళ్లీ వాన పడింది.

కార్తీకంలో ఒక సోమవారం మా టీ నల్లగా వచ్చింది.

పాలు పోసినా నలుపు పోలేదు, బూడిదరంగుకి తిరిగింది. డీడీగారు టీపొడి మార్పించారు. తరవాత పాలవాణ్ణి మార్పించారు. ఆ తరవాత గిన్నె మార్పించారు. నీళ్ల మీదికి మాత్రం ఎవరి ఆలోచనా పోలేదు. నీళ్ల ఆఫీసులో నీళ్లని అనుమానించడమేమిటి? చివరికి జరీనా వచ్చి, తన సంచిలోంచి యాసిడ్ సీసా తీసి, మా బోరునీళ్లు పట్టి, అక్కడికక్కడ చుక్కలు వేసి లాబ్‌కి తీసుకెళ్లింది. సాయంత్రానికి ఫోను వచ్చింది. ఉండదగినదానికి పన్నెండు రెట్లు ఆర్సెనిక్ ఉందట.

ఆఫీసు ఆఫీసంతా లేచి నిలబడింది. డీడీగారు ఆ పూట తాగిన టీలు లెక్కపెట్టుకున్నారు. కొత్తవంతెన నుంచి ఏటినీళ్ల గొట్టం మా ఆఫీసుకి తక్షణం వేయించాలని పొద్దున్నకల్లా నోటు, దానికి జతగా లాబ్‌కి పంపడానికి మళ్లీ పట్టిన మా బోరునీళ్ల సీసా తయారయ్యాయి. అంత త్వరగా ఒక కాగితం తయారవడం నా సర్వీసులో అదే మొదలు.

"సార్, ఈ శాంపిలుకి అయిదు సంతకాలు లేవు," అన్నాను. రూలు గుర్తు చెయ్యడం నా ధర్మం. "ఇరవై ఒక్క రోజులు ఉంచి, తేర్చి పంపాలి."

"ఆచారీ, మతి ఉన్నదా?" అన్నారు డీడీగారు. "ఇరవై ఒక్క రోజులు ఉంచితే ఇందులో విషమంతా అడుక్కి పోయి యోగ్యమని వచ్చేస్తుంది కదయ్యా."

అన్నాక ఆయనే ఆగిపోయారు.  గుమ్మంలో మాణిక్యం నిలబడి ఉంది. పదమూడో సీసా తెచ్చింది. ఎంతసేపటినుంచి అక్కడుందో తెలియదు.

ఆమె లోపలికి వచ్చి, తన సీసాని మా ఆఫీసు సీసా పక్కన పెట్టింది.

"మాదీ ఆగకుండా ఎల్లేలా చూడండి బాబూ," అంది.

డీడీగారు నా వంక చూశారు. ఆయన ఇరకాటం నాకు తెలుసు. ఆగకుండా పంపడం సరైనదైతే వెనకటి పన్నెండు రిపోర్టులూ తప్పవుతాయి. ఆగి పంపడం సరైనదైతే మా బోరునీళ్లు అమృతమని మేమే సంతకం పెట్టి తాగాలి. ఆయన ఫైలుని అటు తిప్పారు, ఇటు తిప్పారు. అందులో ఇంకో మెలిక కూడా కనబడింది. ఏటినీళ్ల గొట్టం నివాస ప్రాంతాలకే వేస్తారు. మా ఆఫీసు కాలవగట్టు మీది గోదాము. అది ఎవరి నివాసమూ కాదు.

చిల్లగింజ సంగతి వదిలేస్తే, ఇరవై ఆరేళ్లలో నేను సొంతంగా ఆలోచించింది ఆ రోజే.

"సార్, మన ఆఫీసుని బాడవపేటలో కలిపి చూపిస్తే సరి. నివాస ప్రాంతం బాడవపేట. జనాభా ఆరువందల పన్నెండు. మనం పదకొండుగురం. మొత్తం ఆరువందల ఇరవైమూడు. జనాభా మారింది కనుక ఇది కొత్త ఊరి కింద లెక్క. పాత రిపోర్టులు పాత ఊరివి. వాటి జోలికి మనం పోనక్కర్లేదు."

డీడీగారి మొహం విప్పారింది. "భేషు," అన్నారు. మూత తియ్యకుండా, కుదపకుండా, వాసన చూడకుండా సంతకం పెట్టారు. సీసా కోసం వచ్చిన జరీనా రెండు సీసాల్లోనూ నాలుగేసి చుక్కల యాసిడ్ వేసి పట్టుకెళ్లింది. బాడవపేట బోరులో ముప్పై రెట్లు ఉందని మర్నాడు తెలిసింది. నాకా అంకె ఇప్పటికీ గుర్తొస్తూంటుంది.

నలభై రోజుల్లో గొట్టం వచ్చింది. మొదటి కుళాయి నివాస ప్రాంతం నడిబొడ్డున వెయ్యాలని రూలు. ఆరువందల ఇరవైమూడు మందికి నడిబొడ్డు ఎక్కడని కొలిస్తే బడి వాకిలి తేలింది. డీడీగారు చాలా వాదించారు. పదకొండుమందికి ఒక నడిబొడ్డు, ఆరువందల పన్నెండుమందికి ఒక నడిబొడ్డు ఉండరాదా అని రాశారు. ఒక ఊరికి ఒకటే నడిబొడ్డు అని పైనుంచి జవాబొచ్చింది. కనుక ఇప్పుడు మా ఆఫీసు వాళ్లం రోజూ బిందె పట్టుకుని బడి దాకా నడుస్తాం. వరసని చూసుకునే పని ఊరివాళ్లు మాణిక్యానికి అప్పజెప్పారు.

మొదటిరోజు నేనే వెళ్లాను. నా ముందు పదిమంది ఆడవాళ్లున్నారు. ఆఫీసు పని మీద వచ్చానని చెప్పాను. ఎవరూ జరగలేదు. నా వంతు వచ్చాక మాణిక్యం బిందె కుళాయి కింద పెట్టి, గ్లాసుతో నీళ్లు పట్టి నాకిచ్చింది.

"ఎండన పడి వచ్చారు. తాగండి ఆచారిగారు. ఇందులో ఏం కలపలేదండి."

గ్లాసు అందుకుంటూ ఆమె అరచెయ్యి చూశాను. చేతినిండా జొన్నగింజలంత గట్టి పొక్కులు, మధ్య మధ్య నల్లమచ్చలు. వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం లేదు. మూడేళ్లపాటు, ఆ పైన ఏడాది, ఆ చేతులే నాకు సీసాలూ బిందెలూ అందించాయి. ప్రతి సీసాకీ రిమార్కుల గడిలో నేను రాసినవి గుర్తొచ్చాయి. సీసా ముప్పాతిక నిండి ఉన్నది. మూత వదులుగా ఉన్నది. మూత ఎందుకు వదులుగా ఉందో ఆమె మొదటిరోజే చెప్పింది. నాకు సిగ్గేసింది. గ్లాసు నోటిదాకా వెళ్లలేదు.

"ఎప్పణ్ణించమ్మా ఇవి?"

"మొదటి సీసా తెచ్చినప్పుడు నాలుగైదు ఉండేయండి. మీరు మూత చూసుకునేవోరు కదండీ."

కోపంగా అనలేదు. ఉన్నమాట చెప్పింది. నేనింకా ఏదో అడగబోయాను. పిల్లల చేతుల మాట అడుగుదామనుకున్నాను. అడిగితే ఏం వినాల్సివస్తుందోనని నోరు రాలేదు. ఆమె నిండిన బిందెని నా వైపు జరిపింది.

"జరగండి ఆచారిగారు. ఎనకాల పిల్లలున్నారండి."